గురజాల దారిలో తూటాల కర్మాగారం మన్ను

అక్క రాసిన కార్డులో మూడే వాక్యాలు. "మిలిటరీ వాళ్ళు తూటాల కర్మాగారం మూసేస్తున్నారు. మీ బావ మనిషి మనిషిలా లేడు. ఒకసారి వచ్చిపో." ఏడో నెల కడుపుతో ఉన్న మనిషి తన సంగతి ఒక్క ముక్కా రాయలేదని నాకు కోపమూ వచ్చింది, కంగారూ పుట్టింది. బడికి సెలవు పెట్టి శనివారం పొద్దున బయల్దేరాను.

నరసరావుపేటలో ఆరింటికి మాచర్ల రైలు ఎక్కితే గురజాల చేరేసరికి పది దాటుతుంది. మూడో తరగతి టిక్కెట్టు రూపాయి లోపే. స్టేషను బయట జట్కాలుంటాయి. అక్కావాళ్ళ ఊరు అయిదు మైళ్ళు. ముప్పావలా అడుగుతారు, కాస్త మొహమాటం మానుకుంటే అర్ధరూపాయికి వస్తారు. జట్కా తోలే మస్తాను నన్ను ఎగాదిగా చూశాడు. "తూటాల కొట్టుకాడికా మేష్టారూ? ఆడ మన్ను జల్లెడ పడతన్నారంట. ఇత్తడి కోసం కాదంట, ఇసం కోసమంట!" అని నవ్వాడు.

అది యుద్ధం రోజుల్లో పెట్టిన కర్మాగారం, అక్కావాళ్ళ ఊరికి పోయే దారిలోనే ఉంది. నేను వెళ్ళేసరికే షెడ్ల రేకులు విప్పేశారు. ముక్కులకు గుడ్డలు కట్టుకున్న జవాన్లు పసుప్పచ్చ మరకలున్న మట్టిని తవ్వి, జల్లించి, పీపాల్లో నింపుతున్నారు. పని చేయించే హవల్దారు బందరు మనిషి. "ఈ మట్టిలోకి తూటాల మందు దిగి విషమైపోయిందండీ. ఒకచోట ఎవరో తవ్వి తోలుకెళ్ళారు. ఎక్కడ పోశారో చెబితే చాలు, కేసేమీ ఉండదు. రేపు పొద్దున మా లారీలు వెళ్ళిపోతాయి" అన్నాడు. ఇల్లిల్లూ తిరిగి అడిగినా ఎవరూ నోరు విప్పలేదట.

ఇంటికి చేరగానే అక్క మంచినీళ్ళిచ్చింది. గ్లాసు అడుగున ఒండ్రు పేరుకుంది. ఇంటి ముందే ఊరందరి బావి నిండుగా ఉండగా ఇవేం నీళ్ళన్నాను.

"వాగునీళ్ళురా. తెల్లారకముందే పోయి నా ఒక్కదాని కోసం కావిడేసుకొస్తన్నాడు మీ బావ" అంది.

యోహాను బావ తల ఎత్తలేదు. చాలాసేపు బతిమాలితే గాని సంగతి బయటికి రాలేదు. పాత ఊళ్ళ దిబ్బల్లోంచి పాటిమన్ను తోలి చేలో చల్లడం మా వైపు రైతులకు తాతల నాటి అలవాటు. అందులో మందుగుండులో వాడే సూరేకారం ఉంటుంది, పైరు ఏపుగా లేస్తుంది. మందుగుండు తయారైన చోటి మన్నయితే ఇంకెంత బలమో అనుకున్నాడు మా బావ. కంచె తెగిన చోటునుంచి రెండు బండ్లు తోలి, బావి పక్క మిరపమడిలో పోశాడు. మిరప కాస్తా మాడిపోయింది.

"చెబితే బావి మూసేస్తారు. ఊరంతా నా మొకాన ఊస్తది" అన్నాడు. "నేనూ ఆ నీళ్ళే తాగుతన్నాగా!"

"నాకు నువ్వు తెస్తన్నావు. పక్కింటి మేరీకి ఎవురు తెస్తారు? ఆ పిల్లకీ నెలలు నిండినయ్" అంది అక్క మెల్లగా.

బావ కండువా దులుపుకుని లేచాడు. నేనూ వెంట నడిచాను. హవల్దారును పిలుచుకొచ్చి, బావి దగ్గర నీళ్ళు తోడుతున్న ఆడవాళ్ళ ఎదుటే నిలబడ్డాడు. "చేదమాకండి. మన్ను తోలింది నేనే" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

మేరీ అత్తగారు నడుం మీద చెయ్యి పెట్టుకుని, "నువ్వొక్కడివేనేందిరా? మావోడూ ఒక బండి తోలాడు" అంది. వెనకనుంచి ఇంకెవరో, "మాది అరబండే" అన్నారు. హవల్దారు తల పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు, తర్వాత ఆ చేలు ఎక్కడెక్కడో రాసుకోడానికి కాగితం తీశాడు.

పొద్దు గూకేలోగా మూడు చేలల్లో పైమన్ను గీకి పీపాలకెత్తారు. బావినీళ్ళు సీసాలో పరీక్షకు తీసుకుని, ఫలితం వచ్చేదాకా ముట్టవద్దని బావి మీద బల్లలు కొట్టారు. బావ వాగుకు పోయి కావిడి తెచ్చి, మొదటి కడవ మేరీ గుమ్మంలో దించాడు. ఆ పిల్ల కడవ మీద మూత పెట్టి లోపలికి తీసుకుపోయింది.

తప్పు చేసి దాచేవాళ్ళంటే నాకు చిరాకు, మేష్టారి బుద్ధి మరి. బావ మీద మాత్రం ప్రేమే కలిగింది. చేను పండాలని తోలాడు, పెళ్ళాం బాగుండాలని రోజూ వాగుకు నడిచాడు. ఆ నడక పక్కింటి గుమ్మందాకా సాగడానికి అక్క మాట ఒకటి కావలసొచ్చింది. మీరు అటు వెళితే ఒక్కటి గుర్తుంచుకోండి. ఆ ఊళ్ళో దాహమని అడిగితే, నీళ్ళు ఎక్కడివో చెప్పి మరీ ఇస్తారు. విని, అనుమానం పెట్టుకోకుండా తాగండి.