వేటగాడి చొక్కాకు నా కుట్టు

ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో మా పక్క యూనిట్ చాచాకు అడుగుల చప్పుడు ఉండదు. గుండె ఆపరేషన్ అయ్యాక కూడా అంతే. నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే చేపల సంచితో వచ్చి నా వెనకే నిలబడతారు. నేను ఉలిక్కిపడి, "చాచా, కనీసం దగ్గండి!" అని అరుస్తాను.

"దగ్గే వేటగాడికి కూర ఉండదు, సిస్టర్" అంటారు నవ్వుతూ.

ఆయనది ఆఫ్రికాలోని సియెర్రా లియోన్. డెబ్బై దాటాయి, ఒక్కరే ఉంటారు. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషే అయినా ఆయనది వాళ్ల ఊరి ఇంగ్లీషు, నాది గుంటూరు ఇంగ్లీషు. పట్టిన చేపలో తొలి ముక్క పక్కింటికి చేరందే ఆయన పొయ్యి వెలిగించరు. అది వాళ్ల వేటగాళ్ల నియమమట. బదులుగా నేను బిర్యానీ పంపితే మాత్రం "కారం తక్కువ" అని వంక పెడతారు. గుంటూరుదాన్ని పట్టుకుని ఆ మాట అన్న మనిషి భూమ్మీద ఆయనొక్కరే.

వాళ్ల ఊళ్లో వేటగాళ్లు అడవిపందుల నుంచి చేలను కాపాడేవారట. అంతర్యుద్ధం వచ్చి, తిరుగుబాటుదారులు ఊళ్లు తగలబెడుతుంటే, సైన్యాన్నీ నమ్మలేని రోజుల్లో పెద్దలు వేటగాళ్లనే పిలిచారు. పందులను కొట్టే నాటు తుపాకులతోనే ఊరిని కాపాడమన్నారు. "మొదట పందులు, తర్వాత మనుషులు" అని చాచా అక్కడితో ఆపేస్తారు. ఆ తర్వాత సంగతి నేనెప్పుడూ అడగలేదు. ఆయనంటే నాకు చాలా ఇష్టం. అడిగితే ఆ ఇష్టానికి ఏమవుతుందోనని భయం.

మొన్న వానాకాలంలో ఆయన్ని ఆసుపత్రిలో చేర్చారు. ఆపరేషన్ ఇక రేపనగా ఫోన్ చేశారు. "అలమరలో సంచిలో నా వేటచొక్కా ఉంది. మీ ఆయనతో పంపించు. అది ఒంటి మీద లేకుండా నేను ఆ గది దాకా వెళ్లను." తలుపు దాకా వేసుకోవచ్చని నర్సు ఒప్పుకుందట.

మా ఆయన ఆఫీసులో ఉన్నాడు. నాకా, ఆగే ఓపిక లేదు. మా దగ్గరున్న తాళంచెవితో ఆయన ఇల్లు తీసి, సంచి తెరిచాను. ముతక నేత చొక్కా, దాని నిండా తోలు తాయెత్తులు. నాలుగు ఊడి వేలాడుతున్నాయి, చంక చిరిగిపోయింది. మాది దర్జీల ఇల్లు, చిరుగు చూస్తే నా చెయ్యి ఊరుకోదు. తాయెత్తులూ నాకు కొత్త కాదు, మా అమ్మ మాకు కట్టినవే. బిస్మిల్లా అనుకుని నల్లదారంతో ఒక్కొక్కటీ గట్టిగా కుట్టి, నేనే పట్టుకెళ్లాను.

చాచా ఆ కుట్టును వేలితో తడిమారు. "ఎవరు కుట్టారు?"

"నేనే, చాచా!" అన్నాను గొప్పగా.

ఆయన మొహం పాలిపోయింది. "ఆడవాళ్ల చెయ్యి తగిలితే దీని శక్తి పోతుంది, సిస్టర్. తూటాలు కూడా తాకని చొక్కా ఇది. ఆపరేషన్ వద్దని డాక్టరుకు చెప్పేస్తాను." ఆపరేషన్ లేకపోతే ఆయన ఎన్నాళ్లో ఉండరని డాక్టరు చెప్పింది నా ముందే.

ఇంటికొచ్చి ఏడుస్తుంటే మా ఆయన, "నన్ను పంపమంటే నువ్వెందుకెళ్లావ్? అడుసు తొక్కనేల, కాలు కడగనేల!" అని తిట్టాడు. తిట్టాడు గానీ, తెల్లారగానే కారు తీసింది అతనే.

చాచా మంచం మీద కూర్చుని ఉన్నారు. చొక్కా ఒళ్లో ఉంది.

"తప్పయిపోయింది చాచా, మీ కాళ్లు పట్టుకుంటాను, ఆపరేషన్ మాత్రం మానొద్దు."

ఆయన నా వంక చూడకుండా చెప్పడం మొదలుపెట్టారు. "యుద్ధానికి బయల్దేరిన రోజు ఇదే చొక్కా వేసుకున్నాను. నా భార్య అన్నం గిన్నె నా చేతికివ్వలేదు. నేల మీద పెట్టి వెనక్కి జరిగింది. నియమం అది. నేనూ చెయ్యి చాపలేదు. తిరిగొచ్చేసరికి ఊరు లేదు, తనూ లేదు." ఒళ్లోని చొక్కా మడత విప్పారు. "అందరూ ఈ చొక్కా నన్ను కాపాడిందంటారు. నేనూ అదే అంటాను. కానీ ఆ గిన్నె ఒక్కరోజు కూడా మరిచిపోలేదు."

నేను ఏడుస్తూ నిలబడ్డాను.

"ఇప్పుడిది ఉత్త చొక్కాయే కదా" అని దాన్ని నాకు అందించారు. "నువ్వే తొడుగు."

తలమీదుగా తొడిగి, భుజాల దగ్గర సర్దాను. ఇంతలో ఆయన్ని తీసుకెళ్లడానికి మనుషులొచ్చి మంచం కదిలించారు. చాచా నా వైపు చెయ్యి చాపారు. ఆపరేషన్ గది తలుపు దాకా ఆ చెయ్యి పట్టుకునే నడిచాను.