గోనెసంచి దారం

మొన్న మా స్నానాలగది గోడకున్న పాత ఇనుప పైపు మూల దగ్గర చెమ్మ దిగుతోందని కోడలు ఫోనులోనే ప్లంబరును పిలిపించింది. వచ్చినతను మంచివాడే, చెప్పులు గడప బయట విడిచి వచ్చాడు, తొందరగానే పని ముగించాడు, మెట్లు దిగకముందే బిల్లు కోడలి ఫోనులో మోగింది. అమీర్‌పేటలో ఇప్పుడు ఏ గల్లీలోనైనా ఇదే పద్ధతి కదా. పని కూలి ఒక వరుస, దాని కింద 'చిల్లర సామాన్లు' అని ఇంకో వరుస, అందులో పైపు మరకు చుట్టే తెల్ల టేపు, ఒక రబ్బరు వాషరు. ఇంత టేపు ముక్కకు కూడా లెక్కేనా అని కోడలు మూతి తిప్పింది. నేను మాత్రం ఆ రెండో వరుసను ఇంకోసారి చదవమన్నాను.

ఎందుకో తెలియాలంటే మా ఆయన సంగతి చెప్పాలి. ఆయనా ప్లంబరే. సైకిలు హ్యాండిలుకు పనిముట్ల సంచి తగిలించుకుని అమీర్‌పేట, పంజాగుట్ట, ఒక్కోసారి ఖైరతాబాద్ దాకా పోయేవాడు. అప్పటివన్నీ ఇనుప పైపులు, మర మీద దారం చుట్టి, సఫేదా అనే తెల్లటి ముద్ద పూసి బిగిస్తేనే నీళ్లు ఆగేవి. నా ఈడు వాళ్లకు ఆ సఫేదా వాసన ఇంకా గుర్తుండే ఉంటుంది. ఆ దారం తీసింది నేను. బియ్యం దుకాణం నుంచి ఆయన తెచ్చిన గోనెసంచులను ఉతికి, ఆరేసి, పోగు పోగు విప్పి, మోకాలి మీద పురి పెట్టి, ఆడపిల్లల జడల్లా కట్టలు కట్టి ఆయన సంచిలో పెట్టేదాన్ని. సనత్‌నగర్ కార్ఖానాల దగ్గర పారేసిన రబ్బరు ముక్కలు తెస్తే, పాత నాణెం పెట్టి గీత గీసి వాషర్లు కత్తిరించేదాన్ని. నా వేళ్లు ఎప్పుడూ గోనె వాసన వేస్తాయని మా అమ్మాయి నా చేతి ముద్ద తినకుండా మొహం తిప్పుకునేది.

మా గల్లీలో పనివాళ్లు ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు. కరెంటు పని చేసే అతను నల్ల టేపుకు ఇంత అని కలిపేవాడు, వడ్రంగి అయితే మేకుల ఖర్చు అంటూ తన చాయ్ ఖర్చు కూడా అందులోనే కలిపేసేవాడు, అది అందరికీ తెలుసు, ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. మా ఆయన మాత్రం దుకాణంలో కొన్నదానికే ధర చెప్పేవాడు, దారానికీ వాషరుకూ ఏమీ అడిగేవాడు కాదు. ఒకనాడు ఉండబట్టలేక, అందరూ తీసుకుంటుంటే మనం మాత్రం దారానికి జర ఏమన్నా తీసుకుంటే ఏం పోతుందని అడిగాను. ఇల్లు గడవక అడిగింది కాదు. పెరట్లో నీళ్ల రేకు డబ్బా ముందు కూర్చుని చేతులు కడుక్కుంటున్న మనిషి తల కూడా ఎత్తలేదు.

"దారానికి పైసలేంది?" అన్నాడు.

అంతే. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, అట్లాగే కొట్లో కొంటే ధర ఉండేదానికి నేను ఇంట్లో చేస్తే ధర లేకపోయింది అనుకున్నాను. మళ్లీ అడగలేదు, పని మానలేదు, ఆ మాట మాత్రం వేలిలో దిగిన గోనె పీచులా గుచ్చుతూనే ఉండిపోయింది. తర్వాత ప్లాస్టిక్ పైపులు, తెల్ల టేపులు వచ్చాయి, ఆయన సంచులు తేవడం మానేశాడు. ఇక అవసరం లేదని ఒక మాటైనా చెప్పలేదు. మా ఇంట్లో మాటలు ఎప్పుడూ తక్కువే.

ఆయన పోయాక పదో రోజున పంజాగుట్ట నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి, వాళ్లింటి నల్లాలన్నీ మా ఆయన బిగించినవే. నా పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, నా వేళ్ల వంక చూసింది. పని అయ్యాక సామానుకు ఎంత అని ఎప్పుడు అడిగినా ఆయన ఒకటే జవాబు చెప్పేవాడట.

"'మా ఇంటామె తీసిన దారం టీచరమ్మా, దానికి నేనేం ధర చెప్పాలె?' అనేవారమ్మా," అంది ఆమె.

అప్పటిదాకా బిగపట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది నాకు. ఎన్ని ఇళ్లలో అన్నాడో ఆ మాట, మా ఇంట్లో అనడానికి ఏమైంది ఆ మనిషికి? కోప్పడదామన్నా ఎదురుగా లేడు.

మొన్న చెమ్మ దిగిన ఆ మూల కూడా ఆయన చేతిదే. మా ఇంట్లో మిగిలిన ఇనుప పైపు అదొక్కటే. కొత్త ప్లంబరు దాన్ని కోసి తీస్తే, మర మీద నల్లబడిన దారం అంటుకుని ఉంది. చాకుతో గోకుతూ, "ఎవరు చుట్టిండ్రో గానీ అమ్మా, మస్తు గట్టిగ చుట్టిండ్రు. గోకినా వస్తలేదు," అన్నాడు. ఆ దారం నేను తీసిందేనని చెప్పబోయాను. తుప్పుతో పాటు దాన్నీ కవరులో ఊడ్చుకుని పోయాడు.

ప్రతిదానికీ లెక్క కడుతున్నారని నా ఈడు వాళ్లంతా సణుగుతారు. నేను సణగను. ఆ కొత్త ప్లంబరు కొన్నాడు, వాడాడు, వాడినట్టు చెప్పాడు. కోడలు ఆ వరుస రెండోసారి చదివింది: టేపు, వాషరు. వాటిని ఎవరు చేశారో అందులో లేదు, ఉండదు కూడా. దారం ఎవరు తీశారో మాత్రం మా ఆయన నోట ఉండేదట. నేనే వినలేదు.