పాప తొట్టిలో సాండా

ఆ రోజు పాప నీళ్ళను కొట్టలేదు. పదకొండు నెలల పిల్ల. తొట్టిలో కూర్చోబెట్టగానే రెండు చేతులతో నీళ్ళు చితక్కొట్టి, సగం నా చీర మీద పోసి, ఒళ్ళు రుద్దే గుడ్డను నోట్లో కుక్కుకుని చీకేది. ఆ రోజు మాత్రం తల నా మోచేతి మీద వాల్చి ఊరుకుంది. ఒళ్ళు పట్టుకుంటే వెచ్చగా తగిలింది. ఎండకు కాగిన నీళ్ళ వెచ్చదనం కాబోలు అనుకున్నాను. అంత తెలివి నాది. పైగా బి.ఎస్సీ. చదివాను.

ఎనభైల మొదట్లో సంగతి. మా ఆయన ఆర్మీలో కెప్టెన్. ఢిల్లీ కంటోన్మెంటులో మాకు రెండు గదుల క్వార్టరూ, ఓ వెనక వరండా ఉండేవి. ఆ వరండాలో, తుపాకీ గుళ్ళు ఖాళీ అయిపోయిన ఓ చెక్కపెట్టెలో, ఇసక పోసి, ఆయన ఒక జంతువును పెట్టారు. రాజస్థాన్ ఎడారికి ఎక్సర్‌సైజుకి, అంటే యుద్ధాభ్యాసానికి, వెళ్ళిన మగవాళ్ళు ఇళ్ళకు బంధేజ్ చీరలు తెస్తారు. మా ఆయన సాండాను తెచ్చారు. మూరెడు పొడుగు, ఇసక రంగు, ముళ్ళ ముళ్ళ తోక. ఉడుముకి దూరపు చుట్టంలా ఉంటుంది. దాన్ని చంపి, తీసిన నూనె కీళ్ళనొప్పులకు మంచిదని పాతఢిల్లీలో రోడ్డు పక్కన అరిచి మరీ అమ్ముతారు. దాన్ని పట్టుకోవడం చట్టం ప్రకారం నేరమని చెబితే, "నేను పట్టలేదోయ్, జవాన్లు పట్టారు. నేను కాపాడాను" అన్నారు. దానికి ఆయన పెట్టిన పేరు మాత్రం ఇక్కడ రాయను. ఆ పేరున్న పై అధికారి ఇంకా సర్వీసులోనే ఉన్నారు.

సాండాకు నానిన శనగలు, కొత్తిమీర, ముల్లంగి ఆకు. సాండాకు ఎండ. వేసవి మొదలవగానే దాని చర్మం పొరలు పొరలుగా ఊడటం మొదలైంది, ఇక ఆదివారం ఆదివారం సాండాకు స్నానం. గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు నానబెడితే పొర సుళువుగా వదులుతుందని ఆయనకు ఎవరో చెప్పారట. ఒక చెయ్యి పొట్ట కింద, ఒక చెయ్యి తోక మొదట్లో, పాత టూత్‌బ్రష్‌తో వీపు రుద్దడం. సొంతకూతురి గోళ్ళు ఒక్కసారి తియ్యని మనిషి.

మొదటి ఆదివారం ఆయన దాన్ని పట్టుకుని వంటింటి సింకు దగ్గరికొచ్చారు. నేను అట్లకాడ ఎత్తాను.

"నా వంటింట్లోకి దాన్ని తెచ్చారా, ఇవాళ మీ ఇద్దరికీ భోజనం వరండాలోనే."

"మరి ఎక్కడ కడగమంటావు?"

"పాప తొట్టి ఉందిగా. అందులో కడుక్కోండి."

ఈ మాట నేనే అన్నాను. చదివేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. వంటింట్లో గిన్నె అంటే నాకు గిన్నే, ఎంగిలి చెయ్యి తగలనివ్వను. స్నానపు తొట్టి అంటే మాత్రం ఎలాగూ మురికి పోయే చోటే కదా అన్న లెక్క. మా అమ్మ లెక్క, వాళ్ళ అమ్మ లెక్క. ఆయన కడిగాక ఆ నీళ్ళు పారబోసి ఒక మగ్గుడు నీళ్ళతో తొట్టి తొలిచేవారు. కుళాయి పొద్దున ఒక గంటే వచ్చేది, అంతకంటే ఎవరు తోముతారు? తరవాత నేను అదే తొట్టిని నింపి ఎండలో పెట్టేదాన్ని. పసిపిల్లలకు పొయ్యి మీద కాచిన నీళ్ళకంటే ఎండకు కాగిన నీళ్ళు ఒంటికి మంచివని ఆ క్వార్టర్ల లైన్లో ఉన్న ఆడవాళ్ళందరికీ పాఠం కూడా చెప్పాను.

నీళ్ళు కొట్టని ఆ రోజు సాయంత్రమే పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. పచ్చగా, నీళ్ళుగా. పక్కింటి పంజాబీ ఆవిడ చూసి, "అరే దీదీ, దాంత్ నికల్ రహే హైఁ, ఘబ్‌రావ్ మత్" అంది. పళ్ళొస్తున్నాయట. ప్రపంచంలో పసిపిల్లలకు వచ్చే సమస్త రోగాలకూ పళ్ళే కారణమని నమ్మే మనుషులు చావుకు కూడా పళ్ళే అంటారు. బజారులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన పాప పొట్ట మీద చెయ్యన్నా వెయ్యకుండా "వైరల్ హై" అని గులాబీ రంగు సిరప్ రాశాడు. మూడో రోజు విరేచనంలో నెత్తురు జీర కనపడింది. ఆయన ఈసారి "అమీబిక్ హై" అన్నాడు. అదే బల్ల మీద, అదే పెన్నుతో.

నాలుగో రోజు పాప కళ్ళు లోపలికి పోయాయి. ఏడిస్తే నీళ్ళు రావడం లేదు. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. నేను ఆటో కట్టించుకుని ఆర్మీ ఆస్పత్రికి పోయాను. ఎమర్జెన్సీలో సిస్టరు పాప పొట్ట మీద చర్మం చిటికెడు పట్టి వదిలింది. అది మళ్ళీ కిందికి దిగకుండా మడతలాగే నిలబడింది. ఆ మడత నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

"సివియర్ డీహైడ్రేషన్. అడ్మిట్."

చేతికి నరం దొరక్క తలకు డ్రిప్ పెట్టారు. ఒక పక్క జుట్టు గీశారు. మర్నాడు పిల్లల వార్డు డాక్టరు వచ్చాడు. మేజరు, కర్నూలు వైపు మనిషి. అక్కడ తెలుగు వినపడేసరికి నాకు ఏడుపొచ్చింది, అది కనపడకుండా పోట్లాట మొదలుపెట్టాను.

"పాలు కాచే పోస్తానండీ. మంచినీళ్ళు ఇరవై నిమిషాలు మరిగిస్తాను. సీసాలు రోజుకు రెండుసార్లు ఉడకబెడతాను. మా ఇంట్లోంచి రాలేదు ఇది. పాలవాడిని పట్టుకోండి."

"పాలవాన్ని తర్వాత పట్టుకుందాంలేమ్మా. స్టూల్ కల్చర్‌కి పంపినాం, బ్లడ్ కల్చర్ కూడా. ఇంట్లో ఏమన్నా సాకుతారా? కుక్క, పిల్లి, చిలుక?"

"లేవండి" అన్నాను.

అబద్ధం చెప్పలేదు. ఆ క్షణంలో నాకు సాండా గుర్తే రాలేదు. పెంపుడు జంతువంటే కుక్క. దాని పేరు చెప్పుకుంటే మర్యాద. వరండాలో చెక్కపెట్టెలో ఉన్నది పెంపుడు జంతువు ఎట్లా అవుతుంది? అది మా ఆయన పిచ్చి. దాన్ని నేను లెక్కలోనే వేసుకోలేదు.

కల్చర్ రిపోర్టు మూడు రోజులకు వచ్చింది. "సాల్మొనెల్లా. టైఫాయిడ్ రకం గాదు. బ్లడ్‌లో కూడా ఉంది" అన్నాడు డాక్టరు. యాంపిసిలిన్ ఇచ్చారు. జ్వరం ఒకరోజు తగ్గింది, నేను పక్క మంచాలవాళ్ళకు రోగాలకు పళ్ళు కారణం కాదని ఉపన్యాసాలిచ్చాను. మర్నాడు జ్వరం రెండింతలై వచ్చింది. పొత్తిగుడ్డ మారుస్తుంటే ఎడమ మోకాలు తగిలి పాప కేకపెట్టింది. మోకాలు బిగిసి, ఎర్రగా, ఉడికిన బంగాళాదుంపలా ఉంది.

"సెప్టిక్ ఆర్త్రైటిస్. క్రిమి కీలులోకి దిగింది. మందు మారుస్తున్నాం. చీము ఇప్పుడే తియ్యాల."

"కాలు పోతుందా?"

"ముందు పాప ఉండాల. కాలు గురించి తర్వాత మాట్లాడదాం."

అంతవరకూ నాతో ఎవరూ అట్లా మాట్లాడలేదు.

సూది పెట్టి చీము తీసి తెచ్చాక, సాయంత్రం మా ఆయన యూనిఫాంలోనే వచ్చారు. డాక్టరు మళ్ళీ ఆ ప్రశ్నే అడిగాడు. నేను మండిపడ్డాను.

"చెప్పాను కదండీ లేవని! ఎన్నిసార్లు చెప్పాలి?"

మా ఆయన టోపీ చేతిలో తిప్పుతూ, "సాండా ఉంది సార్" అన్నారు.

డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఎక్కడ కడుగుతారు దాన్ని?"

ఆయన చెప్పలేదు. నావైపు కూడా చూడలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నాకు చేసిన మర్యాద ఏదన్నా ఉందంటే అదొక్కటే. చివరికి నేనే చెప్పాను. ఆ తొట్టి, ఆ మగ్గుడు నీళ్ళు, ఆ ఎండ.

"ఎంతసేపు పెడతారు ఎండలో?"

"పొద్దున నించి మధ్యాహ్నం దాకా."

"బాగుంది. మా ల్యాబులో బ్యాక్టీరియా పెంచాలంటే మేం కూడా దాదాపు అంతే చేస్తాం." తరవాత మెల్లిగా అన్నాడు, "మంచినీళ్ళు ఇరవై నిమిషాలు కాచినారు గదమ్మా. పాప తాగింది స్నానం నీళ్ళు."

నోట్లో కుక్కుకుని చీకే ఆ గుడ్డ నా కళ్ళముందు నిలబడింది.

తొట్టి అడుగునుంచి, చెక్కపెట్టె ఇసకలోంచి స్వాబ్ తీసుకెళ్ళారు. రెండింట్లోనూ అదే వచ్చింది. సాండాకు మాత్రం ఏ రోగమూ లేదు. కడుపులో ఆ క్రిములతోనే అది హాయిగా బతుకుతుందట, శనగలు తిని ఎండలో పడుకుని. దాని మీద కోపం తెచ్చుకుందామని చూశాను, కుదరలేదు. తొట్టి చూపించింది అది కాదు.

ఆరు వారాలు ఆస్పత్రిలో ఉన్నాం. మోకాలిలోంచి ఇంకోసారి చీము తీశారు. కాలికి ప్లాస్టర్ వేశారు. పక్కింటి పంజాబీ ఆవిడ రోజూ రెండు బస్సులు మారి టిఫిన్ డబ్బా తెచ్చేది. డబ్బాతోపాటు, పాపకు పళ్ళు వచ్చాయా అని అడిగేది. నేను పళ్ళు కొరుకుతూ రొట్టెలు తినేదాన్ని. వంట బాగా చేస్తుంది, ఏం చేస్తాం.

మేం ఇంటికొచ్చేసరికి సాండా లేదు. జైసల్మేర్ వైపు వెళ్ళే లారీలో మా ఆయన దాన్ని పెట్టెతో సహా పంపించారు. ఎక్కడ పట్టారో అక్కడే వదలమని జవానుతో ఒట్టు వేయించుకున్నారట. నీలం తొట్టిని నేనే కత్తిపీటతో నాలుగు ముక్కలు చేశాను. ప్లాస్టిక్ తొట్టి కత్తిపీటకు ఊరికే తెగదు. చాలాసేపు పట్టింది.

పాపకు ఇప్పుడు ఏడేళ్ళు. స్కూల్లో పరుగెడుతుంది. అలసిపోతే ఎడమకాలు కాస్త ఈడుస్తుంది, నాకు తప్ప ఎవరికీ తెలీదు. తెలుగులో తిడితే హిందీలో జవాబు చెబుతుంది. మొన్న కుక్కపిల్ల కావాలని గొడవ చేసి తెచ్చుకుంది. దానికి వేరే బకెట్టు కొని, దాని మీద ఎర్రరంగుతో "కుత్తా" అని పెద్దగా రాశాను. ముట్టుకున్నప్పుడల్లా సబ్బుతో చెయ్యి కడగాలి.

"మమ్మీ, ఫిర్ సే?"

"ఫిర్ సే. మళ్ళీ కడుగు."

చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు "ఇంట్లో ఏమేం ఉన్నాయి?" అని అడిగితే పరువు చూసుకోకండి. వరండా, మిద్దె, మంచం కింద, ఒక్కొక్క చోటే మనసులో తిరిగి, కాళ్ళున్న ప్రతిదాన్నీ చెప్పండి. కుక్కను చెప్పండి, గూట్లో పావురాలను చెప్పండి, మీకు చూడ్డానికే అసహ్యం వేసేదాన్ని ముందు చెప్పండి. నేను "లేవండి" అన్న రోజుకూ, మా ఆయన "ఉంది సార్" అన్న రోజుకూ మధ్య అయిదు రోజులు. ఆ అయిదు రోజులూ మా పాప మోకాట్లో చీము పట్టింది.