సుంకులమ్మ వద్దన్న పట్టా

కోడుమూరు దగ్గర మా ఊళ్ళో సుంకులమ్మ అంత పిచ్చిది ఇంకొకతి లేదని ఇప్పటికీ తిట్టుకుంటాను. తిట్టుకుంటూనే ఏడుస్తాను.

పెళ్ళిలో వాళ్ళ నాయన గిడ్డయ్య పసుపు కుంకుమల కింద ఆమెకు మూడెకరాల చేను ఇచ్చాడు. పదిమందిలో నోటిమాటగా ఇచ్చినా, పట్టా కూడా కూతురి పేరున రాయిద్దామని కరణం దగ్గరికి బయల్దేరాడు. సుంకులమ్మే అడ్డం పడింది.

"వద్దు నాయనా. శిస్తుకు తలారి చావిడికాడ పిలిచే ఆడోళ్ళ పేర్లన్నీ మొగుడు పోయినోళ్ళవే గదా. నా పేరు పిలిస్తే కట్టుకున్న ఆయప్పకు కీడు. ఆయప్ప పేరునే రాయించు."

మా ఊళ్ళో ఆడదాని పేరున పట్టా ఉందంటే ఆమె విధవ అనే లెక్క. గిడ్డయ్యకూ భయమేసింది. పట్టా అల్లుడు కంబన్న పేరున ఎక్కింది.

ఐదేళ్ళు సుంకులమ్మ ఆ చేనిలో రాళ్ళేరింది, గట్టు వేసింది, జొన్న పండించింది. కడుపు మాత్రం పండలేదు. ఆలోగా గిడ్డయ్య పోయాడు. కంబన్నకు ఇంకో పెళ్ళి మీద మనసు పుట్టింది. ఒకతి ఉండగా ఇంకొకతిని తెచ్చుకోకూడదని కొత్త చట్టం వచ్చింది కదా, అందుకని పెద్దల్ని కూర్చోబెట్టి విడాకులు అడిగాడు.

వాళ్ళ కులంలో ఒక కట్టుబాటుంది. విడిపోయేటప్పుడు మొగుడు పెట్టింది మొగుడికి, పుట్టింటిది ఆడబిడ్డకు. సుంకులమ్మ తాళీ మెట్టెలూ తీసి పెద్దల ముందు పెట్టింది. పుట్టింటి ఇత్తడి బిందె, ఆవు ఆమెకు వచ్చాయి.

"మరి నా చేను?" అంది.

"చేను నా పేరున ఉండాది గదా. కరణాన్ని అడగండప్పా," అన్నాడు కంబన్న.

వాడి నోరు పడిపోను! వాడి ఆయుష్షు కోసమే కదా ఆమె తన పేరు వద్దన్నది. ఇచ్చినప్పుడు చూసిన పెద్దలు కూడా పట్టా మాట వచ్చేసరికి తల దించుకున్నారు. కర్నూలు వకీలు, కాగితం లేదు, ఇచ్చినాయన లేడు, కష్టమని పంపేశాడు.

చివరికి అన్న మారెన్నను నాయన ఆస్తిలో ఏమైనా ఇమ్మని అడిగింది.

"నీ భాగం నాయన అప్పుడే ఇచ్చినాడు గదమ్మా. మళ్ళా నేను యాడనుంచి తెచ్చేది?" అన్నాడు మారెన్న. గొడ్ల కొట్టంలో ఒక మూల చూపించాడు.

రెండేళ్ళకు కంబన్న పాము కరిచి చచ్చాడు. పట్టా రెండో పెళ్ళాం రామేశ్వరమ్మ పేరుకు మారింది. ఆ ఏడు ఆ చేనికే నేనూ సుంకులమ్మా కలుపు కూలికి పోయాం. తను వేసిన గట్టు మీదే కూర్చుని సుంకులమ్మ సంగటి తినింది.

సాయంత్రం తిరిగొస్తుంటే చావిడి దగ్గర తలారి శిస్తుకు రామేశ్వరమ్మ పేరు పిలిచాడు. సుంకులమ్మ ఆగిపోయింది.

"ఆ పొద్దు నా పేరు రాయించుకొనింటే మాత్రం ఏమయ్యేదక్కా? ఆయప్ప ఎట్లాగూ పాయె," అంది.

ఆమె కూలి గింజలు కొంగున ముడేసుకొని కొట్టం వైపు నడిచింది.