పత్మాసుకు శుక్రవారం టికెట్

2006 వేసవి. బహ్రెయిన్ రాజధాని మనామాలోని హూరాలో, రెండు హోటళ్ళ మధ్య ఇరుక్కున్న ఓ ట్రావెల్ ఆఫీసులో నేను టికెటింగ్ చూసేవాణ్ణి. మా పనిలో ఓ వింత ఉంది. కుర్చీలోంచి కదలకుండానే లోకమంతా తిరిగొచ్చినవాడిలా మాట్లాడాలి. గ్రీసు దీవుల గురించి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాణ్ణి. చూసింది మాత్రం బ్రోషర్లలోనే. ఏసీ హోరు తప్ప మరేమీ వినపడని మధ్యాహ్నాల్లో ఆ తెల్లటి ఇళ్ళనీ నీలి నీళ్ళనీ చూస్తూ కూర్చుంటే, ఎప్పుడో అక్కడ కొన్నాళ్ళు ఉండి వచ్చాననే అనిపించేది.

అలాంటి ఓ మధ్యాహ్నం సువార్తమ్మగారు వచ్చారు. మాది రాజమండ్రి, ఆవిడది రాజోలు దగ్గర పల్లె. రిఫాలో ఓ బహ్రెయినీ ఇంట్లో పద్దెనిమిదేళ్ళుగా పిల్లల్ని పెంచుతున్నారు. ఆ కుటుంబం సెలవులకు కోస్ అనే గ్రీకు దీవికి వెళ్తూ ఆవిడనీ తీసుకెళ్తోంది. వాళ్ళ టికెట్లన్నీ మా దగ్గరే.

“బాబూ, ఆ కోస్ నుంచి పత్మాసు ఎంత దూరమండీ?”

“పాట్మోసా? ఫెర్రీలో పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చమ్మా. అక్కడేముంది?”

“అయ్యో, యోహాను గారికి గుహలో ప్రభువు దర్శనం అయ్యింది అక్కడే కదండీ! మా ఆయన పోయేదాకా అదే మాట. ఆ గుహలో ఒక్క ఆరాధనకి కూకోవాలే సువార్తా, అనేవోరు. ఆయనకి కుదర్లేదు. మేడం నాకు ఒక్కరోజు సెలవిత్తానందండి. శుక్రవారం అడిగాను.”

నేను వెంటనే శుక్రవారానికి డే ట్రిప్ బుక్ చేసేశాను. అంటే వెళ్ళడం, రావడం ఒకే రోజున అన్నమాట.

ఆవిడకి ఇంగ్లిషు చదవడం రాదు. అందుకని చర్చి నుంచి వచ్చే దారిలో ఆఫీసులో ఆగితే, టీ తాగుతూ దారంతా కథలా చెప్పేవాణ్ణి. “రేవులో దిగగానే బస్సెక్కండి. కొండమీద కోటలాంటి మఠం, దాని చుట్టూ పాత ఊరు. పేరు హోరా.”

“మన హూరాయేనా?” అని నవ్వారు.

“ఇంత బాగుంటే మనం ఇక్కడెందుకుంటామమ్మా? ఎక్కేటప్పుడు బస్సు, దిగేటప్పుడు నడక. మఠంలోకి భుజాలు, మోకాళ్ళు కప్పుకునే వెళ్ళాలి, మీకు చీర ఉంది కాబట్టి బెంగలేదు. రాళ్ళ దారి జారుతుంది, పట్టు ఉన్న చెప్పులు వేసుకోండి. సందులు మెలికలు తిరిగి ఉంటాయి. తప్పిపోతే కిందికి దిగుతూ పోండి, రేవు కనపడుతుంది. గుహ సగం దారిలో ఉంటుంది. మధ్యాహ్నం మూసేస్తారు, ముందే చేరుకోండి.”

ఆవిడ కళ్ళు మూసుకుని వినేవారు. నేనూ చెబుతూ చెబుతూ ఆ సున్నపు గోడల మధ్య, పైనుంచి పూలు వేలాడే సందుల్లో, ఆవిడ వెనకే నడుస్తున్నట్టుండేది.

ప్రయాణానికి వారం ముందు, అలా చెబుతూనే, “ఆదివారం పొద్దున ఆ గుహలోనే ఆరాధన...” అని ఆగిపోయాను. ఆవిడ కళ్ళు తెరిచారు.

గల్ఫులో సెలవు శుక్రవారం. చర్చీలు నిండేదీ శుక్రవారమే. పద్దెనిమిదేళ్ళుగా ఆవిడకి ప్రభువు దినం అంటే శుక్రవారమే. ఎన్నేళ్ళుగానో ఇక్కడుంటున్న నాకూ అనుమానం రాలేదు.

“అవున్లెండి. లోకానికి ఆదివారమే కదా. మర్చేపోయాను,” అన్నారు మెల్లిగా.

అక్కడినుంచే మేడంకి ఫోన్ చేశారు. ఆదివారం వాళ్ళంతా ఏథెన్స్ వెళ్ళే విమానం ఎక్కాలి. “ఖలాస్”, అంటే ఇంక అంతే, అన్న మాట ఫోన్లోంచి నాకూ వినపడింది.

“మానేద్దునా బాబూ? ఆరాధన లేని చోటికెళ్ళి గోడలు చూసి రావడమేగా?”

నాకు ప్రాణం ఉసూరుమంది. “వెళ్ళండమ్మా. ఆగస్టులో గాలి లేస్తే ఫెర్రీలే ఆపేస్తారు. దొరికినరోజు వెళ్ళాలి,” అన్నాను. అది ఏజెంటు మాట.

సెప్టెంబరులో ఆవిడ ఓ పొట్లం బాదం మిఠాయితో వచ్చి కూర్చున్నారు.

“సందుల్లో తప్పిపోయానండి. ఎటు చూసినా తెలుపే. మీరన్నట్టే కిందికి దిగాను. గుహలో ఓ ముసలాయన దీపాలు తుడుత్తున్నారు. ఇంకెవరూ లేరు. యోహాను గారికి స్వరం వినపడిందంటారే, రాతిలో ఆ చీలిక దగ్గర కూకుని గడియారం చూశాను. పన్నెండు కావత్తంది. ఇక్కడ మనోళ్ళు ఆఖరి పాట ఎత్తుకునే వేళ.”

నిజమే. వేసవిలో గ్రీసు గడియారం ఓ గంట ముందుకు జరిగి, సరిగ్గా బహ్రెయిన్ గడియారంతో కలుస్తుంది.

“నేనూ ఎత్తుకున్నాను, చిన్నగా. ఆయన దీపం పక్కనెట్టి, పాట అయ్యేదాకా అలాగే కూకున్నారండి.”

“ఆరాధన దొరకలేదని నేను ఇన్నాళ్ళూ బాధపడుతున్నానమ్మా.”

“ఎందుకు దొరకలేదూ? మనోళ్ళంతా మనామాలో పాడతన్నారు. నేనొక్కదాన్నే గుహలో కూకున్నాను, అంతే.”

మిఠాయి నోట్లో వేసుకుని కంప్యూటర్ వైపు తిరిగాను. అప్పటినుంచి ఎవరు టికెట్‌కి వచ్చినా, అక్కడ ఏమేం చూడాలో చెప్పేముందు, ఎందుకు వెళ్తున్నారో అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. కొందరు మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పడం మొదలుపెడతారు.