అట్ట లేని పుస్తకం

దయ్యం అనే మాట నా నోట ఎప్పుడూ వేళాకోళానికే వచ్చేది. నేను రంగూన్‌లో అడుగుపెట్టిన ఏడాదే మిల్లు కూలీలుండే లైన్లలో కలరా తగిలింది. పోయినవాళ్లను మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. శవాన్ని దింపి వచ్చి, ఆ మనిషి పడుకున్న గదిలోనే పడుకున్నాను. ఏమీ కనబడలేదు, ఏమీ వినబడలేదు. అందుకని ఇప్పుడు రాయబోయేది నమ్మమని ఎవరినీ బతిమాలను. జరిగింది జరిగినట్టు రాస్తాను, అంతే.

పైగా నాకు సీమనుంచి వచ్చే ఇంగ్లీషు నవలల పిచ్చి. అందులోనూ అపరాధ పరిశోధన నవలలంటే ప్రాణం. వాటిలో దయ్యం తిరిగిందన్న ఇంట్లో ఆఖరి ప్రకరణానికల్లా ఒక తాడో, ఒక దొంగ తలుపో, ఒక మనిషో బయటపడతాడు. ప్రతిదానికీ కారణం ఉంటుందని నాకు నేర్పింది ఆ నవలలే.

రంగూన్‌లోని అహ్లోన్‌లో, నది ఒడ్డున, ఒక బియ్యం మిల్లులో నేను హాజరు గుమస్తాని. మిల్లు పేరు రాయను. కళింగపట్నం దగ్గర మిషన్ బడిలో నేర్చుకున్న ఇంగ్లీషు వల్ల ఆ ఉద్యోగం దొరికింది. నేనూ మా ఆవిడ రాజమ్మా లమ్మడా పేటలో ఒక మేడమీద గదిలో ఉండేవాళ్లం. కింద వీధి మలుపులో ఊ సాన్ అనే బర్మా పెద్దాయన పాత పుస్తకాలు అమ్మేవాడు. ఓడ ప్రయాణికులు చదివి వదిలేసిన నవలలన్నీ ఆయన దగ్గరికే చేరేవి. ఆయనకు ఇంగ్లీషు రాదు. కానీ నాకు ఎలాంటివి కావాలో ఎలాగో పసిగట్టి పక్కన పెట్టేవాడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా గదిలో పది పన్నెండు మంది చేరేవారు. అందరూ మన శ్రీకాకుళం వైపువాళ్లే, మిల్లులో పనిచేసేవాళ్లే. నేను చదివిన నవలను వాళ్లకు తెలుగులో కథగా చెప్పేవాణ్ణి. ఆ పేర్లు వాళ్ల నోట పలకవు కనుక మన పేర్లు పెట్టేవాణ్ణి. ఉన్న ఒక్క కుర్చీలో మేస్త్రీ సన్యాసి కూర్చునేవాడు. మా ఊళ్లనుంచి కూలీలను ఓడెక్కించి తెచ్చింది అతనే. అతని మాటకు లైన్లలో ఎదురుండేది కాదు. గుమ్మం పక్కన, గోడకు ఆనుకుని పారమ్మ కూర్చునేది. ఆమె మిల్లులో బియ్యం చెరిగేది. నాకంటే పదిహేనేళ్లు పెద్దది. అందరిలాగే నేనూ అప్పా, అంటే అక్కా, అని పిలిచేవాణ్ణి. కథ వినేది, లేచి వెళ్లిపోయేది. ఒక్క మాట మాట్లాడేది కాదు.

ఆమె మౌనానికి కారణం అందరికీ తెలుసు. మూడేళ్ల క్రితం ఆమె కూతురు నీలమ్మ కనబడకుండా పోయింది. పదహారేళ్ల పిల్ల, తల్లితోపాటే మిల్లులో పనిచేసేది. సన్యాసి మేస్త్రీ నాలుగు రోజులు మనుషులను వెంటేసుకుని నది గట్టంతా వెతికించాడు. ముందు నడుస్తూ పేరుపెట్టి పిలుస్తుంటే అతని గొంతు బొంగురుపోయింది. ఆఖరికి ఎవరో పడవవాడితో వెళ్లిపోయిందని అతనే వచ్చి చెప్పాడు. చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పారమ్మకు పది రోజులు తన ఇంటినుంచే అన్నం పంపాడు. పదకొండో రోజున నేను హాజరు పుస్తకంలో నీలమ్మ పేరు కొట్టేసి, పక్కన 'పరారీ' అని రాశాను. రూలు అది. నేను ఇంకెవరినీ అడగలేదు.

నీలమ్మ పోయిన మూడో ఏడు వానాకాలంలో ఊ సాన్ ఒక పుస్తకం ఇచ్చాడు. అట్ట లేదు. మొదటి కాగితాలు లేవు కనుక పుస్తకం పేరూ, రాసినవాడి పేరూ తెలియలేదు. ఉత్తరాన ఎక్కడో మంచుదేశపు నవల, ఇంగ్లీషులోకి దించినది. ప్రతి ప్రకరణం మొదట చిన్న దేవదారు చెట్టు బొమ్మ ఉండేది. నేరం ఎవరు చేశారన్నది ఆ రచయితకు అంత ముఖ్యం కాదనిపించింది. నేరం జరిగిన ఊళ్లో మనుషులు ఎలా అన్నం తింటారు, ఎలా నిద్రపోతారు అన్నదే రాశాడు. అలాంటివి నాకు ఇంకా ఇష్టం.

కథ ఇది. గడ్డకట్టిన చెరువు పక్కన ఒక ఊరు. కలప కోత మిల్లు యజమాని చిన్న వయసు భార్య ఒకనాడు మాయమవుతుంది. బండివాడితో వెళ్లిపోయిందని ఊరంతా అనుకుంటుంది. ముసలి పోలీసు జవాను ఒక్కడికే అనుమానం. నాలుగు ఆదివారాలు చెప్పాను. అయిదో ఆదివారం చెబుతుండగా, జవాను ఎవరి పేరో చెప్పబోయే చోట ఆగిపోయాను. ఆ తర్వాతి కాగితాలు చిరిగిపోయి ఉన్నాయి. ఆ సంగతి ముందు చూసుకోకపోవడం నా తప్పే. వారం వారం ఎంత చెప్పాలో అంతే చదువుకునేవాణ్ణి.

"ఆకరు నేదేటి బాబూ?" అని అందరూ ఉసూరుమన్నారు. సన్యాసి నవ్వి, బండివాడి దగ్గర పిల్లాపాపలతో ఉందని చెప్పేయమన్నాడు.

అప్పుడు గుమ్మం దగ్గరనుంచి మాట వినబడింది.

"ఆ గుంట పారిపోనేదు బాబూ."

అందరూ వెనక్కి తిరిగారు. పారమ్మ నేలవైపు చూస్తోంది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

"పొట్టు కొట్టులో ఉంది. పొట్టు కింద. ముందర నడిసి, పేరెట్టి పిలిసి, ఊరందరిసేతా ఎతికించినాడే, ఆడే సంపినాడు. మొగుడి అన్న. ఆ గుంట ఎడం సెయ్యి గుప్పిట మూసే ఉంది. అందులో ఆడి కోటు బొత్తాం ఉంది, కొమ్ముతో సేసింది. మంచు కరిగినాక పొట్టు తోడినారు. ఆకర్ని ఆ గుంట తల్లొచ్చింది. పక్క దేశం కాడ్నుంచి నడిసొచ్చింది. గట్టు మీద కూకుంది. ఏడవనేదు."

బయట వాన జోరుగా పడుతోంది. మా ఆవిడే ముందు తేరుకుని అడిగింది, "అప్పా, నీకెలాగ తెలుసు?"

పారమ్మ నావైపు చూపించింది. "బాబు సెప్తన్నట్టే ఇనిపించింది నాకు."

సన్యాసి కుర్చీలోంచి లేచాడు. "పిచ్చి కతలు" అని మెట్లు దిగిపోయాడు. అంత వానలోనూ గొడుగు మా గదిలోనే వదిలేశాడు. సోమవారం పనికి రాలేదు. మంగళవారం అతని గది తలుపు తోసి చూస్తే పెట్టె అలాగే ఉంది, మనిషి లేడు. మళ్లీ ఎవరూ అతన్ని చూడలేదు.

లైన్లలో గుసగుసలు మొదలయ్యాయి. మిల్లు వెనక, కాలువ గట్టు మీద, వడ్ల పొట్టు పోసే పాత ఊక కొట్టు ఒకటి ఉంది. కప్పు కూలిపోయి మూడేళ్లయింది, ఎవరూ అటు పోరు. దాన్ని తవ్వించమని మిల్లు దొరగారిని అడగడానికి నాకు వారం పట్టింది. భయపడ్డాను. ఉద్యోగం పోతుందని ఒక భయం. ఆ ఊక కింద ఏదైనా దొరికితే నేను రాసిన ఆ ఒక్క మాట నా మొహాన కొడుతుందని ఇంకో భయం. ఎలాగూ కొట్టు పడగొట్టాల్సిందే అని దొరగారు ఒప్పుకున్నారు. పోలీసు జవాను ఒకడు వచ్చి నిలబడ్డాడు.

ఆదివారం పొద్దున నలుగురు తవ్వారు. తడిసి నల్లబడిన ఊక, దాని కింద బూడిద, మళ్లీ ఊక. ఛాతీ లోతుకు వచ్చేసరికి ఎముకలు కనబడ్డాయి. కాలి ఎముక దగ్గర ఒక ఇత్తడి కడియం ఉంది. దాని కొక్కెం విరిగితే రాగి తీగతో చుట్టి ఉంది. ఆ తీగ చుట్టింది తనేనని పారమ్మ జవానుతో చెప్పింది. బొత్తాం దొరకలేదు. మూడేళ్ల వానకు, ఊకకు, అలాంటిది దొరుకుతుందని నేను అనుకోనూ లేదు.

పారమ్మ పొద్దుటినుంచీ కాలువ గట్టు మీదే కూర్చుంది. ఏడవలేదు. అన్నీ పైకి తీశాక లేచి నా దగ్గరికి వచ్చింది.

"బాబూ, నీ పైబట్ట ఇయ్యి. కప్పుతాను."

ఇచ్చాను. ఆమె దాన్ని విదిలించి, పసిపిల్ల మీద కప్పినట్టు కప్పింది.

ఆ సాయంత్రం నేను హాజరు పుస్తకంలో 'పరారీ' అన్న మాట కొట్టేస్తానని దొరగారిని అడిగాను. పాత పుస్తకాలు ముట్టుకోవద్దన్నారు.

అంతవరకూ నాకు వింతేమీ అనిపించలేదు. పైగా నవలలు చదివిన బుర్ర కదా, చక్కగా లెక్క తేల్చుకున్నాను. పారమ్మకు సన్యాసి మీద ఎప్పటినుంచో అనుమానం. పట్టిద్దామంటే సాక్ష్యం లేదు. నా కథ సగంలో ఆగితే, మిగతా సగానికి తన కూతురి కథ అతికించి అతని మొహాన విసిరింది. అతను తట్టుకోలేక పారిపోయాడు. ఎంత పరిశోధకుడైనా ఇంతకంటే బాగా ఉచ్చు పన్నలేడనుకున్నాను. ఆమెతో అదే అన్నాను.

పారమ్మ ఒప్పుకోలేదు. "ఆడు నాకు అన్నం పెట్టినోడు బాబూ. నాతోపాటు ఏడిసినోడు. ఆడి మీద నాకు అనుమానం ఎందుకుంటాది? అది నీ పుస్తకంలో కత. నా గుంట కత ఆడు ఎలిపోయినాకే తెలిసింది నాకు."

నేను నమ్మలేదు. దుఃఖంలో అలా అంటోందనుకున్నాను.

వానలు తగ్గి చలిగాలి మొదలైంది. ఒకరోజు మిల్లునుంచి వస్తుంటే ఊ సాన్ చెయ్యి ఊపి పిలిచాడు. ఊరు విడిచిపోతున్న దొరల ఇంటినుంచి ఒక మూట పుస్తకాలు వచ్చాయట. అందులో ఒకటి తెరిచి, దేవదారు చెట్టు బొమ్మ చూపించాడు. అదే నవల. అట్టతో సహా నిండుగా ఉంది.

దుకాణం ముందు నిలబడే ఆఖరి ప్రకరణం చదివాను.

చంపింది భర్త అన్న. వెతికేవాళ్లకు ముందు నడిచి, పేరుపెట్టి పిలిచినవాడు. శవాన్ని దాచింది మంచుకొట్టులో. ఆ దేశంలో చలికాలం చెరువులోని మంచును దిమ్మలుగా కోసి, ఎండాకాలం దాకా కరగకుండా రంపపు పొట్టు కింద కప్పి పెడతారట. ఆ కొట్టు సంగతి నా దగ్గరున్న కాగితాల్లో ఒక్క వాక్యంలో వచ్చింది. అదేమిటో నాకు అర్థంకాక, చెప్పేటప్పుడు వదిలేశాను. తర్వాత రాజమ్మను అడిగాను, ఇద్దరు ముగ్గురిని అడిగాను. నేను పొట్టు మాటే ఎత్తలేదని అందరూ చెప్పారు.

మూసిన ఎడమ గుప్పిట ఉంది. కొమ్ము బొత్తాం ఉంది.

ఆఖరి పేజీలో తల్లి వస్తుంది. అంతవరకూ నవల మొత్తంలో ఆ పిల్లకు తల్లి ఉన్నట్టే లేదు. సరిహద్దు అవతలనుంచి నడిచి వచ్చి చెరువు గట్టు మీద కూర్చుంటుంది. ఏడవదు. తర్వాత లేచి ముసలి జవాను దగ్గరికి వెళ్లి, అతని కోటు ఇమ్మని అడుగుతుంది. కప్పడానికి. అతను ఇస్తాడు. నవల అక్కడితో అయిపోతుంది.

ఈ కోటు సంగతి పారమ్మ ఆ రోజు మా గదిలో చెప్పలేదు. ఆమె నా పైబట్ట అడిగింది ఆ తర్వాత, కాలువ గట్టు మీద.

పుస్తకం మొదటికి తిప్పాను. ముందుమాట ఉంది. రచయిత ఒక బడిపంతులు. తన ఊరు దాటి ఎరగడు. రాసింది అదొక్కటే, అది అచ్చయిన ఏడే పోయాడు. అచ్చయిన ఏడు చూశాను. వేళ్లు మడిచి లెక్కపెట్టాను. నీలమ్మ అప్పటికి ఇంకా పుట్టలేదు.

ఊ సాన్ ఏమైందని సైగ చేశాడు. నేను డబ్బిచ్చి పుస్తకం సంచీలో వేసుకున్నాను.

పారమ్మకు అక్షరం ముక్క రాదు. ఇంగ్లీషు వచ్చినవాడు లైన్లలో నేనొక్కణ్ణే. ఆ పుస్తకం ఇంకో ప్రతి రంగూన్‌లో ఎవరి దగ్గర ఉన్నా, దాన్ని ఆమెకు తెలుగులో చెప్పేవాడు ఎవడు? చెప్పినా, జరగబోయేది అందులో ముందే ఎలా ఉంది? ఎన్ని విధాల తిప్పి చూసినా ఒక కొస దొరికితే ఇంకో కొస జారిపోతోంది.

ఆ మాఘంలో పారమ్మ ఊరికి తిరుగు ఓడ ఎక్కింది. నేనూ రాజమ్మా రేవుదాకా వెళ్లాం. ఆమె చేతిలో చిన్న మూట ఒక్కటే ఉంది. నిచ్చెన ఎక్కబోయే ముందు వెనక్కి తిరిగి అడిగింది.

"బాబూ, ఆ పుస్తకం ఆకరి కాయితాలు దొరికినాయేటి?"

నా సంచీలోనే ఉంది పుస్తకం. ఆమెకు చూపించాలనే తెచ్చాను.

"దొరకలేదప్పా" అన్నాను.

"దొరికితే సెప్పు. ఆ తల్లికి తరవాత ఏటైందో నాకు ఇనిపించనేదు" అంది. ఎక్కి వెళ్లిపోయింది.

ఎందుకు అబద్ధమాడానో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ తర్వాత ఆదివారం కథలు మానేశాను. ఎవరైనా అడిగితే గొంతు బాగాలేదంటాను. పరిశోధన నవలలు మాత్రం మానలేదు. ప్రతిదానికీ కారణం ఉంటుందని వాటిలో చదువుతూనే ఉన్నాను. దీనికి కారణం ఏమిటో నాకు ఈనాటికీ అందలేదు.