చెమటకు భయపడి ఆడిన అబద్ధం

సిటీ బస్సులో కండక్టర్‌గా చేరిన కొత్తలో నాకు పని నేర్పింది ఒక అక్క. నాకంటే పదిహేనేళ్లు పెద్దది. చార్మినార్ దగ్గర బస్సు కిక్కిరిసినప్పుడు సీటు అంచుకి నడుము ఆనించి, రెండు చేతులతో టికెట్లు కొట్టడం ఆమె చూపించిందే.

నాకు మాత్రం పైన కమ్మీ పట్టుకోవాలంటేనే భయం. చలికాలంలో కూడా చంకల్లోంచి చెమట కారి, చీర మీద వేసుకునే ఖాకీ చొక్కా నడుము దాకా తడిసిపోయేది. రెండుపూటలా స్నానం చేసినా అంతే. ఒకరోజు టికెట్ ఇవ్వడానికి చెయ్యి చాపితే ఒకావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

ఆ వారమే నడుము నొప్పి అని ఒక డాక్టరు చీటీ సంపాదించి డిపో మేనేజర్‌కి ఇచ్చాను. ఆయన నన్ను బస్‌పాసుల కౌంటర్‌లో వేశారు. మోకాళ్లు అరిగిపోయాయని అక్కకి ఇచ్చిన కుర్చీ అది. ఆ సంగతి నాకు తెలుసు. ఆమె మళ్లీ బస్సెక్కింది.

మూడు నెలలు గడిచాక, పాసు కోసం వచ్చిన కాలేజీ అమ్మాయి నా చొక్కా చూసి, వెనక ఎవరూ లేనప్పుడు మెల్లగా చెప్పింది.

"ఆంటీ, మా అక్కకు గూడ గిట్లనే ఉండె. చర్మం డాక్టరు సూదులు ఏసిండు. ఇప్పుడు మంచిగుంది."

సంతోష్‌నగర్‌లో ఆ డాక్టరు నా చంకల్లో అయోడిన్ పూసి, పైన గంజిపొడి చల్లారు. చెమట ఊరే చోటంతా నీలంగా, నల్లగా తేలింది. "ఇది జబ్బే అమ్మా, మీ తప్పు కాదు," అన్నారు. ముఖం ముడతలకి ఇచ్చే బొటాక్స్ మందే చెమటకీ పనిచేస్తుందట. ఒక్కో చంకలో పదిహేను దాకా సూదిపోట్లు. పంటి బిగువున ఓర్చుకున్నాను. కొన్ని నెలలకి మందు ప్రభావం పోతుందని, మళ్లీ రావాలని చెప్పారు.

పదిరోజులకి చొక్కా పొడిగా ఉంది. మర్నాడే మేనేజర్ దగ్గరికి వెళ్లాను.

"నాకు నడుము నొప్పి లేదు సార్. అబద్ధం చెప్పిన. అక్కను కౌంటర్‌ల వెయ్యిండ్రి, నేను బస్సెక్కుత."

తర్వాత అక్కని వెతుక్కుంటూ వెళ్లాను. విశ్రాంతి గదిలో మోకాళ్లకి మందు రాసుకుంటోంది. పక్కన కూర్చుని అంతా చెప్పాను.

"చెమటకా?" అంది. మందు డబ్బా మూత బిగించింది. "బస్సు మెట్లెక్కినప్పుడల్లా నీ నడుముకు ఏమయిందో ఏమోనని ఫికర్ చేసిన. నాతోని ఒక్క మాట చెప్పకపోతివి."



మరుసటి నెల అక్క మళ్లీ కౌంటర్‌కి వచ్చింది. అప్పటికే ఆమె ఎడమకాలు సరిగా వంగడం లేదు. సూదులు వేయించుకున్న ఏడో నెలలో నాకు చెమట మళ్లీ మొదలైంది, మళ్లీ వెళ్లి సూదులు వేయించుకున్నాను. ఇప్పటికీ బస్సు మీదే ఉన్నాను. అక్క నాతో మాట్లాడుతుంది. టీ తెస్తే తాగుతుంది. నా ఒంట్లో ఎలా ఉందని మాత్రం ఎప్పుడూ అడగదు.